పాయింట్ల కోసం చెల్లింపు యాప్‌ను ప్రయాణ ఖాతాతో జోడించవచ్చా?

దూరపుబాట

ఉద్యోగరీత్యా నెలకు రెండు మూడు సార్లు ప్రయాణం చేస్తుంటాను. చాలా ఏళ్లుగా ఒకే విమాన సంస్థ సభ్యత్వ పథకంలో మైళ్లు, అంటే తరువాత టికెట్లుగా మార్చుకోగల పాయింట్లు, పోగుచేసుకుంటూ వస్తున్నాను. గత వారం నా ఫోన్‌లోని చెల్లింపు యాప్ ఒక ప్రతిపాదన చూపించింది. సభ్యత్వ ఖాతాను యాప్‌తో జోడిస్తే వెంటనే 5,000 పాయింట్లు జమ చేస్తారట, ఆ తరువాత విమానంతో సంబంధం లేని చెల్లింపులకు కూడా ఎంతో కొంత వస్తూనే ఉంటుందట. "జోడించు" అన్న మీట మీద వేలు పెట్టబోయి, దాని కింద బూడిదరంగు చిన్న అక్షరాలలో ఉన్న వాక్యం దగ్గర ఆగాను. నా లావాదేవీల వివరాలను, నేనున్న ప్రదేశాన్ని, నా ఫోన్ వివరాలను "భాగస్వాములతో" పంచుకోవడానికి ఒప్పుకుంటున్నానని అందులో ఉంది. ఆ మాటను తాకితే పేర్ల జాబితా తెరుచుకుంది. వేలితో పైకి జరుపుతూ పోతే 60 దాటాక లెక్కపెట్టడం మానేశాను. అందులో విమాన సంస్థ ఒక్కటే, హోటళ్లవి నాలుగైదు పేర్లు, మిగిలినవన్నీ ప్రకటనలకు, విశ్లేషణకు సంబంధించినవిగా కనిపించాయి, వాటిలో ఒక్క పేరూ నేను విన్నది కాదు.

5,000 పాయింట్లతో ఏం వస్తుందో నాకు తెలుసు. తక్కెడలో రెండో పళ్లెంలో నేను పెడుతున్నది ఏమిటో, దాని బరువెంతో మాత్రం తెలియడం లేదు. దీన్ని లెక్కకట్టే మార్గం ఎవరికైనా తోస్తే చెప్పగలరు.

వడ్డీలెక్క

దూరపుబాట గారూ, మీ జాగ్రత్తను తప్పుపట్టను. అయితే మీరు ఏ కార్డుతో చెల్లిస్తున్నారో ఆ బ్యాంకుకు, వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి ఆ కార్డు నెట్‌వర్కుకు, ఆ యాప్‌కు మీ ఖర్చులన్నీ ఇప్పటికే తెలుసు. ఇన్నాళ్లూ ఊరికే ఇచ్చినదానికి ఇప్పుడెవరో కాస్త ప్రతిఫలం ముట్టజెప్తామంటే వద్దనడం దేనికి? ఇలా పోగైన పాయింట్లతోనే గత మూడేళ్లలో మా అమ్మగారిని నాలుగుసార్లు విమానంలో తీసుకువెళ్లాను. మోకాళ్ల నొప్పులతో రైలుపెట్టె మెట్లు ఎక్కలేని మనిషి ఆవిడ. ఆ నాలుగు ప్రయాణాలను ఒక వైపు, నేను ఎక్కడ ఎంత ఖర్చుపెట్టానో ఏదో ఒక కంప్యూటరుకు తెలియడాన్ని మరొక వైపు పెడితే నాకు మొదటిదే బరువుగా తూగుతుంది. పైగా దాచుకోవలసిన రహస్యాలేవీ నాకు లేవు.

గట్టుమీద

పక్క సీటులోని ప్రయాణికుడు "మీ జీతమెంతండీ" అని అడిగితే మాట మార్చేస్తాం. ఆ జీతం నేరం చేసి సంపాదించినది కాదు కదా!

స్విచ్‌గది

చెల్లింపుల రంగంలో పదేళ్లకు పైగా పనిచేసినవాణ్ని కనుక వడ్డీలెక్క గారి వాదనకు ఒక సవరణ చెప్పాలి. అందరికీ అన్నీ తెలుసుననడం సరికాదు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క ముక్క ఉంటుంది, ఆ ముక్కలు విడివిడిగా ఉండడమే ఇంతవరకు మనకున్న రక్షణ.

సాధారణంగా బ్యాంకుకూ కార్డు నెట్‌వర్కుకూ చేరేది మీరు ఎక్కడ, ఎప్పుడు, ఎంత చెల్లించారన్నంత వరకే. దాంతోపాటు ఆ వ్యాపారం ఏ తరగతికి చెందినదో చెప్పే నాలుగంకెల సంకేతం ఒకటి వెళ్తుంది. విమాన ప్రయాణానికి 4511, హోటలుకు 7011, మందుల దుకాణానికి 5912, ఆసుపత్రికి 8062, జూదానికి 7995. మీరు కొన్న వస్తువేమిటన్నది మామూలుగా అందులో ఉండదు. దుకాణానికి వస్తువు తెలుసు, కాని ఫోన్ తాకించి చెల్లించినవారి కార్డు సంఖ్య తెలియదు. 2014లో ఆపిల్ పే వచ్చినప్పటి నుంచి బాగా వ్యాప్తిలోకి వచ్చిన టోకెన్ పద్ధతి చేసే మేలు ఇదే. అసలు కార్డు సంఖ్యకు బదులు ఆ ఫోన్‌కు మాత్రమే పనికివచ్చే మారు సంఖ్య దుకాణానికి వెళ్తుంది. ఇక విమాన సంస్థకు మీరు ఎక్కడికి, ఎవరితో, ఏ సీటులో కూర్చుని వెళ్లారో తెలుసు. విదేశీ ప్రయాణమైతే పాస్‌పోర్టు సంఖ్య కూడా తెలుసు. దిగిన తరువాత మీరేం చేశారో మాత్రం తెలియదు.

దూరపుబాట గారు వేలు పెట్టబోయి ఆగిన ఆ మీట ఈ ముక్కలన్నింటినీ ఒకే దారంతో కుడుతుంది. పాయింట్లు సరైన ఖాతాలో పడాలంటే "ఈ చెల్లింపు చేసినది ఫలానా సభ్యుడే" అని ఎవరో ఒకరు ఖాయంగా చెప్పాలి కదా. టోకెన్లు వచ్చాక ఈ గుర్తింపు కుదరడం లేదని వ్యాపారులు మొరపెట్టుకుంటే, చెల్లింపుల ప్రమాణాలను రూపొందించే ఈఎంవీకో సంస్థ దానికీ ఒక ఉపాయం చేసింది. ఒకే ఖాతాకు ఎన్ని ఫోన్లలో ఎన్ని టోకెన్లున్నా, వాటన్నింటి వెనుకా మారకుండా ఉండే 29 అక్షరాల గుర్తు ఒకటి పెట్టింది. ఆ గుర్తుతో డబ్బు తీయలేరు, అందువల్ల దొంగతనం దృష్టితో చూస్తే అది నిరపాయకరమే. ఆ ఖాతా జాడ పట్టుకుని వెంట నడవడానికి మాత్రం చక్కగా పనికివస్తుంది. మోసం నుంచి రక్షణ వేరు, చూపు నుంచి రక్షణ వేరు. మా రంగంలో మొదటిదానికి పెట్టినంత ఖర్చు రెండోదానికి పెట్టగా నేను చూడలేదు.

"పేర్లు తీసేశాకే పంచుకుంటాం" అన్న హామీ కూడా ఆ నిబంధనల్లో ఉండే ఉంటుంది. 2015లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందినవారు ప్రధానంగా ఉన్న ఆ బృందం 11 లక్షల మంది మూడు నెలల కార్డు లావాదేవీలను, పేర్లూ కార్డు సంఖ్యలూ తీసేసిన రూపంలోనే, పరిశీలించింది. ఒక మనిషి ఏ రోజున ఏ దుకాణంలో ఉన్నాడన్న సంగతి నాలుగు సందర్భాలకు తెలిస్తే చాలు, నూటికి తొంభై మందిని ఆ రాశిలోంచి ప్రత్యేకంగా వేరుచేయవచ్చునని తేల్చింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్లంటారే, ఆ విద్యకు నాలుగు ఆవలింతలు చాలునన్నమాట.

వడ్డీలెక్క

స్విచ్‌గది గారూ, వివరణకు కృతజ్ఞతలు. 29 అక్షరాల గుర్తు సంగతి నాకు తెలియదు. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. కుట్టారే అనుకుందాం, దానివల్ల నాకు జరిగిన నష్టమేమిటి? నేను ఒక నగరానికి వెళ్లి వస్తే ఆ నగరపు హోటళ్ల ప్రకటనలు నాలుగు రోజులు వెంటపడతాయి. వాటిని పక్కకు తోసేస్తాను. చేతికి వచ్చిన టికెట్టు కంటికి కనిపిస్తోంది, మీరు చెబుతున్న నష్టం మాత్రం ఎప్పుడూ "జరగవచ్చు" దగ్గరే ఆగుతోంది.

ఆరోప్రశ్న

వడ్డీలెక్క గారి ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం పాయింట్ల పుట్టుపూర్వోత్తరాల నుంచి మొదలుపెట్టాలి.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో తన సభ్యత్వ పథకాన్ని ప్రారంభించినప్పుడు మైలంటే నిజంగా మైలే, ఎంత దూరం ఎగిరితే అంత లెక్క. 2015లో డెల్టా, యునైటెడ్ సంస్థలు ఆ పద్ధతి మార్చి, టికెట్టుకు పెట్టిన డబ్బును బట్టి మైళ్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది అమెరికన్ కూడా అదే దారి పట్టింది. అప్పటికే బ్యాంకులు ఈ మైళ్లను టోకున కొని, తమ కార్డుదారులకు పంచడం పెద్ద వ్యాపారమైపోయింది. ఆ వ్యాపారం ఎంతదో 2020లో బయటపడింది. ఆ ఏడాది విమానాలు నేలమీదే నిలిచిపోయినప్పుడు యునైటెడ్ అప్పు కోసం తన సభ్యత్వ పథకాన్నే తాకట్టు పెట్టింది. ఆ సందర్భంలో వేసిన అంచనా ప్రకారం పథకం విలువ దాదాపు 2,200 కోట్ల డాలర్లు. ఆ రోజుల్లో మార్కెట్టు మొత్తం సంస్థకు కట్టిన విలువ అంతకంటే తక్కువ! విమానాలు, సిబ్బంది, మార్గాలు, అన్నీ కలిపినా సభ్యుల పుస్తకమే ఎక్కువ తూగిందన్నమాట. ఆ విలువలో అధిక భాగం బ్యాంకులకు మైళ్లు అమ్మగా వచ్చే రాబడిదే. సభ్యులు ఎవరో, ఎంత ఖర్చుపెట్టగలవారో తెలియకుండా ఆ మైళ్లను ఎవరూ అంత ధరకు కొనరు.

దూరపుబాట గారు అడిగిన రెండో పళ్లేనికి ఇంతకంటే స్పష్టమైన సూచిక నాకు దొరకలేదు. తలకు ఇంతని భాగించి చెప్పడం మాత్రం కుదరదు.

ఇక బేరం ఎంత సమానమైనదో చూడండి. నేనిచ్చిన సమాచారం ఇచ్చిన క్షణాన అవతలివారి చేతికి పూర్తిగా చేరిపోతుంది. వారిచ్చిన పాయింటు మాత్రం డబ్బు కాదు. దాన్ని ఎన్నింటికి ఒక టికెట్టుగా మార్చుకోవచ్చో నిర్ణయించేది వారే, రేపు ఆ లెక్క మార్చేదీ వారే, నిర్ణీత కాలం వాడకపోతే రద్దుచేసే అధికారమూ చాలా పథకాలలో వారిదే. సమాచారాన్ని వెనక్కి తీసుకుంటానని నేనంటే జోడింపు తెగుతుంది, అప్పటిదాకా పోయినది మాత్రం భాగస్వాముల దగ్గరే ఉంటుంది. వారు తమ పాయింటు విలువ తగ్గించినప్పుడు నా సమాచారంలో కొంత తిరిగి ఇచ్చేస్తారా?

"జరగవచ్చు" దాటి జరిగినవీ ఉన్నాయి. మారియట్ హోటళ్ల సంస్థ 2018 నవంబరులో తన స్టార్‌వుడ్ రిజర్వేషన్ల వ్యవస్థలోకి 2014 నుంచీ బయటివారు చొరబడి ఉన్నారని ప్రకటించింది. గరిష్ఠంగా 38.3 కోట్ల అతిథి రికార్డులు బయటపడి ఉండవచ్చునని ఆ తరువాత అంచనా వేశారు. వాటిలో ఏ సంకేత రక్షణా లేకుండా ఉంచిన పాస్‌పోర్టు సంఖ్యలు 52.5 లక్షలు. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. ఫలానా రాత్రి ఫలానా హోటల్లో ఉన్నామన్న సంగతిని మార్చుకునే వీలు లేదు.

మౌనవీణ

నేను సాధారణంగా చదివి వెళ్లిపోయేదాన్ని. వడ్డీలెక్క గారు నష్టం చూపించమన్నారు కనుక నాకు ఎదురైనది చెబుతాను, అది నష్టమో కాదో మీరే చూడండి.

రెండేళ్ల క్రితం ఒక ప్రయాణ పాయింట్ల పథకాన్ని నా చెల్లింపు యాప్‌తో జోడించాను. పేరు అనవసరం. కొన్నాళ్లకు విసుగు పుట్టి, నా గురించి వారి దగ్గరున్నదంతా పంపమని దరఖాస్తు పెట్టుకున్నాను. మూడు వారాల తరువాత ఒక ఫైలు వచ్చింది. తెరిస్తే వరుసలు వరుసలుగా తేదీ, సమయం, చోటు, తరగతి, మొత్తం. మొదట సరదాగా చదివాను. ఆ ఏడాది ఎండాకాలం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. రాత్రి 2:14కు మందుల దుకాణం. తెల్లవారుజామున 4:50కి ఆసుపత్రి పార్కింగు. మళ్లీ మందుల దుకాణం. పదకొండు రోజులు అవే వరుసలు. పన్నెండో రోజున ఒక విమాన టికెట్టు, మా తమ్ముడి పేరుతో. ఆ తరువాత తొమ్మిది రోజులు ఒక్క వరుసా లేదు.

అవి మా నాన్నగారి చివరి రోజులు. ఆ సంగతి ఆ ఫైలులో ఎక్కడా రాసి లేదు, రాయవలసిన అవసరమూ లేదు. అన్నింటికంటే చివరి నిలువు గడిలో ప్రతి వరుసకూ ఎదురుగా వచ్చిన పాయింట్లు ఉన్నాయి. 2:14 నాటి వరుసకు ఎదురుగా 3.

నాకు డబ్బు పోలేదు, పరువు పోలేదు, ఎవరూ బెదిరించలేదు. అయినా ఆ 3 చూసినప్పుడు కలిగిన భావానికి నాకు ఇప్పటికీ పేరు దొరకలేదు. ఆ రోజే జోడింపు తొలగించాను.

గట్టుమీద

మౌనవీణ గారూ, పైన నేను వాడిన తేలిక స్వరానికి మన్నించండి.

వడ్డీలెక్క

మౌనవీణ గారూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. ఇలాంటిది నా ఫైలులో ఏమి ఉంటుందో ఎప్పుడూ ఊహించుకోలేదని ఒప్పుకుంటున్నాను. అమ్మగారి ఆసుపత్రి బిల్లులు కూడా నేను ఆ యాప్‌తోనే కడతాను.

అయినా పాయింట్లు మానేయమన్న తీర్మానానికి ఇంకా రాలేకపోతున్నాను. డబ్బుకు ఇబ్బంది లేనివారికి గోప్యత ఎంచుకోవడం సులువు. టికెట్టు పూర్తి ధరకు కొనగలిగినవారు "నా సమాచారం అమ్మను" అనగలరు. కొనలేనివారికి ఈ చర్చలో చోటెక్కడ?

ఆరోప్రశ్న

ఈ చర్చలో నాకు అన్నింటికంటే ఇబ్బందికరమైన ప్రశ్న ఇదే, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఎంచుకుంటున్నామని మనం అనుకునేది చాలావరకు మన ముందు ఏది మొదట పెట్టారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెస్సాండ్రో అక్విస్తి, ఆయన సహచరులు చేసిన ప్రయోగ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఒక షాపింగ్ మాల్‌లో కొందరికి 10 డాలర్ల బహుమతి కార్డు ఇచ్చారు, దానితో ఏం కొన్నారో వారి పేరుతో కలిపి చూడరు. మరికొందరికి 12 డాలర్ల కార్డు ఇచ్చారు, దానితో కొన్నవి వారి పేరుతో ముడిపడతాయి. కావాలంటే మార్చుకోవచ్చునన్నారు. మొదటి గుంపులో సుమారు సగం మంది తమ 10 డాలర్ల కార్డునే అట్టేపెట్టుకున్నారు. రెండో గుంపులో 2 డాలర్లు వదులుకుని గోప్యత తీసుకున్నవారు పదిమందిలో ఒకరు. ఎదుట ఉన్న రెండు కార్డులూ అవే, తేడా అల్లా చేతికి ముందు ఏది వచ్చిందన్నదే. మన యాప్‌లలో చేతికి ముందు వచ్చేది ఎప్పుడూ 12 డాలర్ల కార్డే.

చట్టాలు ఈ సమస్యను తలా ఒక వైపు నుంచి పట్టుకుంటున్నాయి. ఐరోపా సమాఖ్యలో 2018 మే నుంచి అమలులో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ నియమావళి ప్రకారం మీ సమాచారం అడిగితే సాధారణంగా నెలలోగా ఇవ్వాలి, ప్రకటనలకు వాడవద్దంటే మానాలి. అదే విషయం మీద వచ్చిన భారతదేశపు 2023 చట్టం సమ్మతి స్వేచ్ఛగా, షరతులు లేకుండా ఉండాలంటుంది. పాయింట్ల ఎర ముందు ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూడాలి. ఈ బేరాన్ని సూటిగా పేరుపెట్టి పట్టుకున్నది కాలిఫోర్నియా. 2020లో అమలులోకి వచ్చిన అక్కడి చట్టం కింద, సమాచారానికి ప్రతిగా ప్రోత్సాహకం ఇచ్చే సంస్థ ఆ సంగతిని ముందే ప్రకటించాలి, వినియోగదారుల సమాచారం విలువను చిత్తశుద్ధితో అంచనా కట్టి చెప్పాలి. పాటించడం లేదని అనుమానించిన కొన్ని సభ్యత్వ పథకాలకు 2022 జనవరిలో అక్కడి అటార్నీ జనరల్ నోటీసులు కూడా పంపారు. దూరపుబాట గారి రెండో పళ్లేనికి తూకపురాయి కోరిన చట్టం నాకు తెలిసి అదే.

స్విచ్‌గది

వడ్డీలెక్క గారూ, పాయింట్లు మానేయనవసరం లేదు. ఎంత సమాచారానికి ఎన్ని పాయింట్లు వస్తున్నాయో చూడండి. చాలామందికి మైళ్లలో పెద్ద భాగం టికెట్ల మీద, హోటళ్ల మీద వస్తుంది. ఆ సంస్థలకు ఆ ప్రయాణం సంగతి ఎటూ తెలుసు కనుక, బుక్ చేసేటప్పుడు సభ్యత్వ సంఖ్య చేత్తో టైపు చేస్తే వారికి కొత్తగా తెలిసేది స్వల్పమే. రోజువారీ చెల్లింపులను జోడించడం వల్ల వచ్చేవి చిల్లర పాయింట్లు, పోయేది మాత్రం మౌనవీణ గారి ఫైలులాంటిది. అంతగా కావాలంటే ప్రయాణాలకు విడిగా ఒక కార్డు పెట్టుకుని దాన్ని మాత్రమే జోడించండి. ఆసుపత్రి బిల్లులు వేరే కార్డుతో కట్టండి.

ఫోన్‌లో చేయవలసినదీ కొంత ఉంది. పాయింట్లు జమ చేయడానికి మీ కాంటాక్టులు, సందేశాలు చదవవలసిన పని ఏ యాప్‌కూ లేదు, అడిగితే నిరాకరించండి. లొకేషన్ అడిగితే "వాడుతున్నప్పుడు మాత్రమే" అన్నది ఎంచుకోండి. కచ్చితమైన చోటు కాకుండా సుమారు ప్రాంతం మాత్రమే చూపే వీలు ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఐఫోన్లలోనూ ఉంది. మరొక మాట: బోర్డింగ్ పాసు ఫొటోలు ఎక్కడా పెట్టకండి. దాని మీది బార్‌కోడులో పేరు, బుకింగ్ సంకేతం ఉంటాయి, సభ్యత్వ సంఖ్య కూడా సాధారణంగా ఉంటుంది. వాటిని చదివే యాప్‌లు ఎవరికైనా దొరుకుతాయి.

దూరపుబాట

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కూర్చుని గత ఏడాది నా మైళ్ల పట్టీ తీసి చూశాను. స్విచ్‌గది గారు చెప్పినట్టే ఉంది. వచ్చినవాటిలో పదింట తొమ్మిది వంతులు టికెట్ల మీదవే. యాప్ జోడించి ఉంటే రోజువారీ ఖర్చుల మీద ఏడాదికి ఎన్ని వచ్చేవో కూడా లెక్కవేశాను. మొదటి 5,000 తీసేస్తే, మిగిలినవి ఒక చిన్న ప్రయాణానికి కూడా చాలవు.

ఆ ప్రతిపాదన నిబంధనలు కూడా ఈసారి చివరిదాకా చదివాను. జోడించాక 90 రోజులలోగా తొలగిస్తే ఆ 5,000 వెనక్కి తీసుకుంటారట. పంచుకున్న సమాచారాన్ని వెనక్కి తీసుకునే గడువు మాత్రం అందులో ఎక్కడా లేదు. జోడించడం మానుకున్నాను. యాప్‌లో లొకేషన్ అనుమతి కూడా తీసేశాను. ఇంతవరకు నా గురించి వారి దగ్గర పోగైనది పంపమని దరఖాస్తు పెట్టాను, 30 రోజులలో ఇస్తామని జవాబు వచ్చింది.

వడ్డీలెక్క

నేనూ నిన్న దరఖాస్తు పెట్టాను. నాది జోడించి మూడేళ్లయింది కనుక ఫైలు పెద్దదే వస్తుంది. మౌనవీణ గారూ, అది ఏ రూపంలో వస్తుందో, ఫోన్‌లో తెరుచుకుంటుందో కంప్యూటరు కావాలో చెప్పగలరా? అమ్మగారు పక్కన లేనప్పుడు తెరవాలనుకుంటున్నాను.

మౌనవీణ

నాది పట్టిక రూపంలో వచ్చింది. ఫోన్‌లో తెరుచుకుంటుంది గానీ నిలువు గడులు సగం కనిపించవు. కంప్యూటరులో చూడండి.